ఐదో నంబరు పుస్తకం

ప్రజల్లో పఠనాసక్తిని పెంపొందించాలనే సదుద్దేశంతో, వరంగల్‌లోని ఒక శాఖా గ్రంథాలయం ఈ వేసవిలో ఐదు పుస్తకాలను ఎంపిక చేసి, వాటిని ఎవరూ చదవకుండా విజయవంతంగా కాపాడింది. ఈ కృషికి గుర్తింపుగా ఆ శాఖకు ప్రశంసాపత్రం కూడా వచ్చింది. శాఖ పేరు ఇక్కడ చెప్పడం లేదు. చెబితే జనం ఎగబడతారని కాదు, గ్రంథాలయాల విషయంలో అలాంటి భయం ఎప్పుడూ లేదు. మిగతా శాఖలు నొచ్చుకుంటాయని.

అక్కడి లైబ్రేరియన్ సారయ్యకు ఆ కవరు ఏప్రిల్ పదో తేదీన అందింది. ముప్ఫై మూడేళ్ల సర్వీసు, మే 31న పదవీ విరమణ. కవర్లో రెండు కాగితాలున్నాయి. రెండింటి కిందా పఠనాభివృద్ధి మండలి కార్యదర్శి రాజేశ్వర్ రావు గారి సంతకమే ఉంది. మొదటి కాగితం ప్రకారం, సిబ్బందిలో ప్రతి ఒక్కరూ తాము చదివిన ఒక మంచి పుస్తకాన్ని వేసవిలో చదవమని ప్రజలకు సిఫారసు చేయవలెను. రెండో కాగితం ప్రకారం, ఇరవై ఏళ్లుగా ఏ పాఠకుడూ ఇంటికి తీసుకెళ్లని మూడు వందల పన్నెండు పుస్తకాలను జూన్ ఒకటిన తొలగించి, ఆ జాగాలో కుర్చీలు వేయవలెను. మే 31లోగా ఒక్కసారి ఇష్యూ అయినా ఆ పుస్తకాన్ని జాబితా నుంచి తప్పించవచ్చును. అయితే సిబ్బంది తమ పేరు మీద తీసుకున్నవి లెక్కలోకి రావు. చదవమని చెప్పే కాగితాన్నీ, తీసి పారేయమని చెప్పే కాగితాన్నీ ఒకే గుండుసూదితో గుచ్చి పంపారు. కార్యాలయంలో పొదుపు అంటే అది.

సారయ్య జాబితా మీద వేలు పెట్టి కిందికి దిగుతూ పోయి, 4417 దగ్గర ఆగిపోయాడు.

4417 ఒక నవల. పాతకాలపు లైబ్రరీ బైండింగు, గోధుమరంగు గుడ్డ అట్ట, దాని మీద నంబరు తప్ప అక్షరం లేదు. పందొమ్మిదో ఏట సారయ్య అదే గ్రంథాలయంలో సభ్యుడిగా దాన్ని ఇంటికి తీసుకెళ్లాడు. తర్వాత అక్కడే ఉద్యోగం రావడానికీ ఆ పుస్తకానికీ సంబంధం ఉందని ఆయన ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. దాని వెనకట్టకు అతికించిన తేదీల చీటీలో చివరి ముద్ర పడి ఇరవై ఒక్క ఏళ్లయింది. ఒక్క ముద్ర కావాలి. ఒక్క మనిషి కావాలి. సిఫారసు చేయమని సర్కారే అడుగుతున్నప్పుడు ఒక్క మనిషి దొరకడా అని సారయ్య సంతోషపడ్డాడు. ముప్ఫై మూడేళ్ల సర్వీసులో సర్క్యులర్ చూసి సంతోషపడటం అదే మొదలు, అదే చివర.

మిగతా సిబ్బంది మాత్రం "తాము చదివిన" అన్న మాట దగ్గర ఆగారు. ఈ నిబంధన నియామకపు ఉత్తర్వుల్లో లేదు. చదవడం అనగానేమి అని వివరణ కోరుతూ లేఖ వెళ్లింది. వారం తిరక్కుండా జవాబొచ్చింది: "చదువుట అనగా విధి నిర్వహణలో భాగంగా సదరు పుస్తకంతో పరిచయము కలిగియుండుట." అందరి గుండెల మీది బరువూ దిగింది.

అటెండర్ యాకయ్య అన్నింటికంటే లావైన పుస్తకాన్ని సిఫారసు చేశాడు. ఆయనకూ దానికీ పన్నెండేళ్ల పరిచయం.

"గాలి దుమారం లేసినా కిటికి కొట్టుకోదు సార్. రెక్కకు ఆనిచ్చి పెడితే కదలదు. గసొంటి పుస్తకం ఇంకోటి లేదు."

అసిస్టెంట్ భారతి పుస్తకాల నమోదు రిజిస్టరును సిఫారసు చేసింది. "మొదటి పేజి నుంచి ఆఖరి పేజి దాక చదివింది నేను గిదొక్కటే సార్. అబద్ధం రాయమంటరా?" అంది. రాయమని ఎవరూ అనలేదు. వాచ్‌మన్ రాయమల్లు పదహారేళ్ల కిందటి రైల్వే టైంటేబుల్ ఇచ్చాడు. కాజీపేటలో బండి మారేవాళ్లకు అది ఎంతో ఉపయోగపడేదని, బళ్ల వేళలు మారడం పుస్తకం తప్పు కాదని రాశాడు. కార్యదర్శి గారు సిబ్బంది కాకపోయినా, ప్రజల అభీష్టం మేరకు, తమ ఉపన్యాసాల సంపుటిని మొదటి స్థానంలో సిఫారసు చేసుకున్నారు. అది ఇంకా అచ్చు కాలేదు. అట్ట మాత్రం తయారైంది.

హోదా ప్రకారం సారయ్యది రెండో స్థానం. కానీ ఆయన కార్డు అందరికంటే ఆలస్యంగా అందడం వల్ల ఐదో స్థానానికి వెళ్లింది. ఆలస్యానికి కారణం, రాసే ముందు ఆయన పుస్తకాన్ని మళ్లీ చదివాడు. సిబ్బందిలో ఇలాంటి క్రమశిక్షణారాహిత్యం ఆయన ఒక్కడిలోనే కనిపించింది.

ఆయన రాసిన కార్డు ఇది: "పందొమ్మిదేళ్లప్పుడు ఈ పుస్తకం చివరి అధ్యాయం చదివి, ధర్మసాగర్ చెరువు కట్ట మీద పొద్దుగూకేదాకా కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో ఇప్పటికీ చెప్పలేను. మీరూ చదివి రండి, మాట్లాడుకుందాం."

కార్యదర్శి గారు దీన్ని పరిశీలించి నాలుగు అభ్యంతరాలు తెలిపారు. కట్ట మీద సాయంత్రాలు కూర్చోమనడం ప్రజల భద్రతకు మంచిది కాదు. "చెప్పలేను" అనడం వల్ల సిబ్బంది సామర్థ్యంపై అనుమానాలు వస్తాయి. "మాట్లాడుకుందాం" అనడం గ్రంథాలయ నియమాలకు విరుద్ధం. నాలుగోది, ఒక పుస్తకం పేరు గోడకెక్కితే మిగతా పుస్తకాల రచయితలు నొచ్చుకుంటారు కనుక పేర్లకు బదులు వరుస సంఖ్యలు వేయడం మేలు. సవరించిన కార్డు గోడకెక్కింది: "ఐదో నంబరు పుస్తకం. పేజీలు 212. అందరూ చదవదగినది."

మే ఒకటిన ప్రారంభోత్సవం జరిగింది. కార్యదర్శి గారు రిబ్బను కత్తిరించి, ఐదు పుస్తకాలనూ అద్దాల బీరువాలో పెట్టించి, తాళం వేసి, తాళం మీద లక్క కరిగించి సీలు వేశారు. గత వేసవిలో ఇలాగే బల్ల మీద ప్రదర్శించినప్పుడు ఎవరో ఒక పుస్తకాన్ని చదవడానికి తీసుకెళ్లిన చేదు అనుభవం ఉంది. దాన్ని ప్రస్తావిస్తూ ఆయన ఇలా ప్రసంగించారు: "పుస్తకం జ్ఞాననేత్రం. మరి నేత్రాన్ని మనం ఎలా కాపాడుకుంటాం? రెప్ప మూసి. ఈ అద్దాల బీరువా ఆ రెప్ప. ఈ సీలు మే 31 దాకా ఎవరూ తీయరాదు. తెలంగాణ బిడ్డలు పుస్తకాల పురుగులు కావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను."

సీలు పడిన చప్పుడు సారయ్యకు బాగానే వినబడింది. మే 31 దాకా తీయకూడదు. మే 31లోగా ఇష్యూ కావాలి. ఆయన రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి మళ్లీ చదువుకున్నాడు. రెండూ సక్రమంగానే ఉన్నాయి.

ఇక పాఠకుల స్పందన. ఆ గ్రంథాలయానికి రోజూ నూట ఇరవై మంది వస్తారు. పొద్దున ఎనిమిదికి వచ్చి, తలుపులు మూసేదాకా కదలకుండా చదువుతారు. గ్రంథాలయం పుస్తకాలు తప్ప అన్నీ చదువుతారు. అందరూ ఉద్యోగ పరీక్షల అభ్యర్థులు. ఎవరి పుస్తకాలు వారివి, ఎవరి నీళ్ల సీసా వారిది, ఎవరి కుర్చీ వారిది. ఉద్యోగం వచ్చినవాడు తన కుర్చీని తమ్ముడికో, బావమరిదికో అప్పగించి వెళ్తాడు. బీరువా చూడగానే వాళ్లందరూ లేచి వచ్చి, ఫోటోలు తీసుకుని, స్టేటస్‌లు పెట్టుకున్నారు. "చదవడమే జీవితం" అని రాసి మళ్లీ చదువులో పడ్డారు. మూడో రోజుకల్లా ఎదురుగా ఉన్న జిరాక్స్ సెంటర్లో బిట్ల కాగితం దొరకసాగింది. అందులో పద్నాలుగో ప్రశ్న: "వేసవి సిఫారసులలో ఐదవ పుస్తకంలో ఎన్ని పేజీలు? ఎ) 202 బి) 212 సి) 222 డి) పైవేవీ కావు." ఆ వారం వరంగల్, హన్మకొండల్లో కొన్ని వందల మందికి సారయ్య పుస్తకం గురించి తెలిసింది.

వాళ్లలో ఓంకార్ అనే కుర్రాడు ఆరేళ్లుగా ఫ్యాను కింది కుర్చీలో ఉన్నాడు. సారయ్య అతన్ని పిలిచి, కార్యదర్శి గారిని బతిమాలి ఎలాగైనా బీరువా తీయిస్తాను, ఒక్కసారి నీ పేరున తీసుకుంటావా అని అడిగాడు.

"వద్దు సార్. నౌకరి వచ్చేదాక సిలబస్‌ల లేని పుస్తకం ముట్టనని మొన్న మేడారం పోయినప్పుడు సమ్మక్కకు మొక్కుకున్న. నిలువెత్తు బంగారం ఇస్తనన్న."

నిలువెత్తు బంగారం అంటే తన బరువుకు తూగే బెల్లం. మొక్కు తప్పమని సారయ్య ఎలా అంటాడు.

మే ఐదున శ్యామలమ్మ వచ్చింది. కొత్తవాడలో మగ్గం మీద జంపఖానాలు నేసిన ఇల్లు ఆమెది. మధ్యాహ్నం పూట రేకుల ఇంట్లో ఉండలేక, కాసేపు గాలి తగులుతుందని గ్రంథాలయానికి వచ్చి పేపరు ముందు పెట్టుకుని కూర్చునేది. సర్కారు లెక్కల్లో ఆమె పాఠకురాలే. ఆ రోజు బీరువా ముందు నిలబడి చాలాసేపు చూసింది.

"సారూ, గా అయిదోది ఏం పుస్తకం? మీద పేరు కనవడుతలేదు."

సారయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పేరు చెప్పాడు.

"పేరు మంచిగున్నది. తియ్యి మరి, చదువుత."

"సీలేసిండ్రు అక్కా. మే ముప్ఫయొకటి దాక తియ్యొద్దట."

"తియ్యనియ్యనోళ్లు చదువుమని గోడకెందుకు రాసిండ్రు?"

ఈ ప్రశ్నకు సర్క్యులర్లో జవాబు లేదు. సారయ్య ఆ పూటే ఆమెకు సభ్యత్వం రాసి, కార్డు చేతికిచ్చాడు. పుస్తకం చేతికి ఇవ్వలేడు కనుక, పేపర్ల బల్ల పక్కన కుర్చీ వేసుకుని, కథ చెప్పడం మొదలుపెట్టాడు. రోజుకొక అధ్యాయం, గొంతు తగ్గించి.

గోదావరి రేవులో పడవ నడిపే ఒక ఆడమనిషి కథ అది. ఆమె రెండు ఒడ్ల మనుషుల్ని, మేకల్ని, పెళ్లిబృందాల్ని, శవాల్ని దాటిస్తుంది. ఒక్క మనిషిని మాత్రం దాటించనంటుంది. ఎందుకో చెప్పదు. ఆ మనిషి ఏడేళ్లపాటు రోజూ రేవుకొచ్చి కూర్చుంటాడు. శ్యామలమ్మ ఊ కొడుతూ, మధ్యమధ్య తన అభిప్రాయం చెబుతూ వినేది. "వాని మొఖం నాకు తెల్సు సారూ. మా పెద్దబావ అచ్చం గిట్లనే ఉంటుండె," అంది ఆరో అధ్యాయంలో. పదకొండో అధ్యాయం రోజున కొంగుతో ముక్కు తుడుచుకుని వెళ్లిపోయింది. సారయ్యకు ఆ రోజు అన్నం రుచిగా అనిపించింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో తాను చేయాల్సిన పని ఇదేనని, దాన్ని చివరి నెలలో చేస్తున్నానని ఆయనకు తోచింది.

మే 26న పదిహేడో అధ్యాయం అయింది. గోదావరి పొంగింది, ఆ మనిషి నడుములోతు నీళ్లలో నిలబడ్డాడు, ఆడమనిషి పడవ తాడు మీద చెయ్యేసింది.

"దాటిచ్చిందా?" అంది శ్యామలమ్మ.

"ఇంక ఒక్క అధ్యాయమే ఉన్నది. అది చెప్పరాదు అక్కా. మూడుసార్లు చదివిన, చెప్పబోతే నోట్లె మామూలు ముచ్చట అయితది. అది కాయితం మీదనే చదవాలె."

"గట్లయితే చదువుత. ఎన్నడిస్తవు?"

ఇస్తానన్నాడు సారయ్య. ఎలా ఇస్తాడో ఆయనకే తెలియదు.

మర్నాడు ముప్ఫై ఎనిమిది మంది అభ్యర్థుల సంతకాలతో ఫిర్యాదు వెళ్లింది. లైబ్రేరియన్ రోజూ కథ చెబుతున్నందువల్ల చదువుకు అంతరాయం కలుగుతోందని, పైగా కథను మధ్యలో ఆపినందువల్ల రాత్రిళ్లు కూడా మనసు లగ్నం కావడం లేదని అందులో ఉంది. మొదటి సంతకం ఓంకార్‌ది. సంతకం పెట్టి వచ్చి, అతను సారయ్య దగ్గర గొంతు తగ్గించి, "సార్, ఇంతకు ఆమె దాటిచ్చిందా? ఎ దాటించెను, బి దాటించలేదు, ఏదో ఒకటి చెప్పుండ్రి సార్, టిక్కు పెట్టుకుంట," అన్నాడు. బిట్టు రూపంలో వింటే మొక్కుకు భంగం లేదని అతని నమ్మకం.

ఇరవై ఎనిమిదిన సారయ్యకు మెమో వచ్చింది: "గ్రంథాలయ వేళలలో, గ్రంథాలయ ఆవరణలో, పుస్తకము గురించి మాట్లాడినందుకు మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో తెలుపవలెను." దానికి సంజాయిషీ రాస్తూనే, అదే కాగితం వెనక, పాఠకురాలు ఒకరు కోరుతున్నందున ఐదో నంబరు పుస్తకం నిమిత్తం సీలు తీయడానికి అనుమతించమని సారయ్య వేడుకున్నాడు. ముప్ఫైన జవాబొచ్చింది. ప్రదర్శనలో ఖాళీ ఏర్పడితే ప్రజల పఠనాసక్తి దెబ్బతింటుందని, ప్రదర్శన ముగిశాక జూన్ ఒకటి నుంచి నిరభ్యంతరంగా ఇవ్వవచ్చని ఉంది. జూన్ ఒకటిన ఏం జరగాలో అదే కార్యదర్శి గారి రెండో కాగితంలో ఉంది.

మే 31 సాయంత్రం నాలుగున్నరకు సారయ్య ఛార్జి అప్పగించాడు. అప్పగింతలో భాగంగా, మూడు వందల పన్నెండు పుస్తకాలు తొలగింపునకు అర్హమైనవేనని ధ్రువీకరిస్తూ జాబితా కింద సంతకం కూడా చేయాల్సి వచ్చింది. చేశాడు. చేయకపోతే పెన్షన్ కాగితాలు కదలవు. సంతకం పాత సంతకాలతో సరిపోయిందని భారతి చూసి చెప్పింది.

అయిదింటికి వీడ్కోలు సభ. శాలువా కప్పారు, సవరించిన కార్డునే పటం కట్టించి బహూకరించారు. శ్యామలమ్మ సభ్యత్వం కార్డు పట్టుకుని వెనక వరసలో కూర్చుంది. సారయ్య మైకు ముందుకు వచ్చి, తనకు శాలువా వద్దని, పటం వద్దని, ఆ బీరువా ఇప్పుడే తీసి ఒక్క పుస్తకం ఒక్క మనిషికి ఇవ్వనిస్తే చాలని అన్నాడు. జీవితంలో ఏమీ అడగని మనిషి అడిగాడు. సభ చప్పట్లతో మారుమోగింది. అంత అందమైన వీడ్కోలు ప్రసంగం ఆ హాల్లో ఎవరూ వినలేదు. కార్యదర్శి గారైతే కళ్లొత్తుకుని, "సారయ్య గారి పుస్తకాభిమానానికి గౌరవసూచకంగా ఈ ప్రదర్శనను మరో పదిహేను రోజులు పొడిగిస్తున్నాను," అని ప్రకటించారు. చప్పట్లు రెట్టింపయ్యాయి. రాయమల్లు ఆరింటికి గేటు మూశాడు.

జూన్ ఒకటి పొద్దున ఎనిమిదింటికి, తలుపులు తీయగానే మొదట లోపలికి వచ్చిన పాఠకుడు సారయ్యే. నిన్నటిదాకా సిబ్బంది కనుక ఆయన పేరు చెల్లలేదు. ఇవాళ్టి నుంచి చెల్లుతుంది, అయితే గడువు నిన్నటితో అయిపోయింది. అప్పటికే తొలగింపు బండి వచ్చి నిలబడి ఉంది. ప్రదర్శనలో ఉన్న పుస్తకాన్ని తొలగించడమెలా అన్న సందేహం వచ్చి, యాకయ్య కార్యదర్శి గారికి ఫోను చేస్తే నిమిషంలో పరిష్కారం దొరికింది. పుస్తకం ఇవ్వడానికి సీలు తీయవచ్చని ఎక్కడా లేదు కానీ, తొలగించడానికి తీయరాదని కూడా ఎక్కడా లేదు. సీలు తీశారు. 4417ను సంచిలో వేశారు. ఖాళీ స్టాండు ముందు కార్డు అలాగే ఉంచి, మళ్లీ తాళం వేసి, మళ్లీ సీలు వేశారు. పదిహేను రోజుల పొడిగింపులో ఆ ఖాళీ స్టాండుతో ఫోటోలు దిగినవాళ్ల సంఖ్య తగ్గలేదు.

సంచి మూతి తెరిచే ఉంది. సారయ్య దాని పక్కనే నిలబడ్డాడు. చెయ్యి చాపితే అందుతుంది. చెయ్యి సగం దూరం వెళ్లి ఆగింది. లెక్కలోంచి తీసేసిన పుస్తకం బయటికి పోకూడదని ముప్ఫై మూడేళ్లు అందరికీ చెప్పిన మనిషి ఆయన. సిగ్గుగా అనిపించింది, చెయ్యి మాత్రం ఆగింది. బండి కాగితం మిల్లుకు బయల్దేరింది. ఖాళీ అయిన జాగాలో ముప్ఫై కుర్చీలు వేస్తే, పదింటికల్లా ముప్ఫై తువ్వాళ్లు పడ్డాయి.

గేటు దగ్గర శ్యామలమ్మ ఎదురైంది.

"పోయిందా?"

"పోయింది అక్కా."

"ఇగ చెప్పు మరి. ఏమైంది ఆఖరికి?"

సారయ్య చెప్పాడు. గేటు పక్కన నిలబడి, ఆటోల చప్పుడులో, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"గంతేనా?" అంది శ్యామలమ్మ.

"గంతే అక్కా," అన్నాడు సారయ్య. ఆమె సభ్యత్వం కార్డు కొంగున ముడేసుకుని, కొత్తవాడ వైపు నడిచింది.

ప్రదర్శన ముగిసిన వారానికి ప్రశంసాపత్రం వచ్చింది. సిఫారసు చేసిన పుస్తకాల్లో ఒక్కటి కూడా నలగలేదని, చిరగలేదని, మరకలు పడలేదని అందులో కొనియాడారు.

ఇక చివరిగా ఒక మాట. ఆ పుస్తకం పేరు సర్క్యులర్లో లేదు, కార్డు మీద లేదు, బిట్లలో లేదు, ఫిర్యాదులో లేదు, మెమోలో లేదు. నూట ఇరవై మందిలో ఎవరూ అడగలేదు. శ్యామలమ్మ ఒక్కతే అడిగింది, ఆమెకు సారయ్య చెప్పాడు. ఈ కథలో దాన్ని రాయకపోవడం పొరపాటున జరిగింది కాదు. మీరు కార్యదర్శి గారి ప్రసంగం చదివారు, ఓంకార్ మొక్కు సంగతి తెలుసుకున్నారు, ఆ ఆడమనిషి దాటించిందో లేదోనని కాస్త ఆరాటపడ్డారు కూడా. ఎక్కడో ఒకచోట ఆగి, ఇంతకీ ఏ పుస్తకమిది, ఎక్కడైనా దొరుకుతుందా అని అడుగుతారేమోనని ఇంతసేపూ చూశాం. ఫరవాలేదు, మీరేమీ నొచ్చుకోవద్దు. పేజీలు 212. పరీక్షలో వస్తే బి టిక్కు పెట్టండి.